అటక మీద అమెరికా

ఉత్తరం రాసినవాళ్లింట్లో ఉండదు, అందుకున్నవాళ్లింట్లో ఉంటుంది. ఇంత చిన్న సంగతి మా ఊళ్లలో ఓ వింత చేసింది. యాభై ఏళ్ల కిందట అమెరికా వెళ్లిన తెలుగువాళ్ల తొలినాళ్ల కష్టసుఖాలన్నీ ఉంగుటూరు, కైకరం, చేబ్రోలు, నారాయణపురం లాంటి చోట్ల అటకల మీదా ట్రంకుపెట్టెల్లోనూ ఉండిపోయాయి. అదే రోజుల్లో ఇక్కడ పండిందీ ఎండిందీ, పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ, పెళ్లిళ్లూ పేచీలూ అన్నీ ఒహాయోలోనో న్యూజెర్సీలోనో ఎవరింటి బేస్‌మెంటులోనో అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాళ్ల చరిత్రకు మనం కాపలా, మన చరిత్రకు వాళ్లు కాపలా. చాలా ఇళ్లలో ఈ సంగతి రెండువైపులా ఎవరికీ తట్టలేదు.

ఈ ప్రాంతానికి అమెరికాతో ఉత్తరాల చుట్టరికం ఇంకా పాతది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. నడుమ పాతికేళ్లలో ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ప్రపంచానికి మందులిచ్చిన మనిషికీ ఆయన కోసం ఇక్కడ ఎదురుచూసిన ఇంటికీ మధ్య ఉన్నది కాగితమే. అయితే అప్పట్లో అది ఎక్కడో ఒక ఇంటి కథ. 1946లో అమెరికా చేసిన చట్టం కూడా ఏడాదికి వందమంది భారతీయులకే తలుపు తీసింది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం 1968 నుంచి పూర్తిగా అమలైంది. అప్పటిదాకా విశాఖ, గుంటూరు, కాకినాడ మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు జిల్లా ఆసుపత్రుల వైపు చూసేవాళ్లు, ఇక చికాగో, డెట్రాయిట్ పేర్లు పలకడం మొదలుపెట్టారు. డాక్టర్లే కాదు. ఏలూరు సి.ఆర్.ఆర్. కాలేజీలో తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆ మరుసటేడు మా బాబాయి, కాకినాడ రంగరాయలో చదివినవాడు, బొంబాయిలో విమానమెక్కాడు. జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని ఆ తరంవాళ్లంతా చెప్పుకునేవాళ్లు. 1966లో రూపాయి విలువ తగ్గించాక డాలరుకు ఏడున్నర రూపాయలు. అంటే అరవై రూపాయలతో అమెరికా!

అక్కణ్ణించి మా ఇంటికి రాకపోకలన్నీ పోస్టుమేన్ సంచిలోనే.

మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రైలుమార్గం మీదే మా ఉంగుటూరుంది. పెద్ద రైళ్లు ఆగవు, కానీ తపాలా మాత్రం ఎలాగో దిగేది. రైల్వే మెయిల్ సర్వీసువాళ్లు నడిచే బండిలోనే ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీసి సంచులు కట్టేవాళ్లు. ఏలూరు దాటి వచ్చినా, తాడేపల్లిగూడెం దాటి వచ్చినా బొంబాయిలో దిగిన అమెరికా ఉత్తరం మా వీధికి రావడానికి, మొత్తమ్మీద, రెండు వారాలకు తక్కువ పట్టేది కాదు. ఒక్కోసారి ఇంకా ఆలస్యం. ఎందుకంటే ఉంగుటూరు మాదొక్కటే కాదు, గన్నవరం దగ్గర కృష్ణా జిల్లాలో ఇంకోటుంది. జిల్లా పేరు రాయడం మరిచిపోతే మా బాబాయి క్షేమసమాచారం అక్కడ ఎవరి అరుగుమీదనో తేలేది. ఇలాంటి ఒకే పేరు ఊళ్ల తికమక తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పెట్టారు. బాబాయి వెళ్లిన ఏడే అది వచ్చింది. తాతయ్య వెంటనే 534తో మొదలయ్యే ఆరంకెల నంబరు పెద్దపెద్దగా రాసి, కింద రెండు గీతలు కొట్టి పంపించారు: 'ఇకమీదట ఇది తప్పక వ్రాయవలెను.'

మామూలు ఉత్తరాలకు మా ఇంట్లో పెద్ద మర్యాదేమీ ఉండేది కాదు. పదిహేను పైసల కార్డులూ, ఇన్‌లాండు కవర్లూ చదవడం అయిపోగానే వాసానికి వేలాడే ఇనప తీగకు గుచ్చేసేవాళ్లు. అందుకే ఆనాటి కార్డుల్లో నట్టనడుమ ఒక చిల్లు. పెళ్లి ముహూర్తం తేదీయో, పొలం బేరం అంకెయో ఆ చిల్లులో పోయినవి చాలా ఉన్నాయి. చావు కబురు కార్డు మాత్రం తీగదాకా కూడా రాదు. గుమ్మం బయటే చదివి అక్కడే చింపేసేవాళ్లు. అమెరికా ఉత్తరాన్ని తీగకు గుచ్చలేదు. దానికి బీరువాలో చోటు, తరవాత ట్రంకుపెట్టె, ఆ తరవాత అటక.

ఏరోగ్రామ్ చూడని పిల్లలకు అదేమిటో చెప్పాలి. నీలంగా, ఉల్లిపొరంత పల్చగా ఉండే కాగితం. అదే ఉత్తరం, అదే కవరు. స్టాంపు దాని మీదే అచ్చై ఉండేది. లోపల ఇంకేమీ పెట్టకూడదు. ఫొటో పంపాలంటే వేరే కవరు కొనాలి, ఖర్చెక్కువ. మడతలు పెట్టి, అంచులు తడిపి అంటించేవాళ్లు. విప్పడమే కష్టం. తొందరపడి చింపితే అంచుల్లో రాసిన మాటలు తెగిపోతాయి. తాతయ్య పాత గడ్డం బ్లేడు తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, మూడు పక్కలా నెమ్మదిగా కోసేవారు. అంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

బాబాయి రాత కూడా ఆ కాగితం కొలతలకు అలవాటు పడింది. 'పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది' అని పెద్దక్షరాలతో మొదలు. ఉభయకుశలోపరి. రెండో మడతకు వచ్చేసరికి అక్షరాలు సన్నబడేవి. మూడో మడతలో చీమలబారు. చోటంతా అయిపోయాక పక్క అంచు వెంట నిలువుగా, అది కూడా చాలకపోతే పైన తలకిందులుగా రాసేవాడు. ఇప్పుడు వరసబెట్టి చదువుతుంటే తెలుస్తోంది, అసలు సంగతులన్నీ ఆ అంచుల్లోనే ఉన్నాయని. నడిపేజీలో మంచు, ఆసుపత్రి, లిఫ్టులు. అంచులో: 'అమ్మ కళ్లెలా ఉన్నాయి?' 'చెల్లాయి సంబంధం ఏమైంది?' 'డ్రాఫ్టు అందినదీ లేనిదీ వెంటనే రాయండి.'

పోస్టుమేన్ వీధి మొదట్లోనే కేకేసేవాడు, 'అమెరికా ఉత్తరం వచ్చిందండీ' అని. మేము విప్పేలోపు అరుగు నిండిపోయేది. తాతయ్య పైకి చదివేవారు. ఎవరి కొడుకు మెడిసిన్‌లో ఉన్నాడో వాళ్లు పరీక్షల వివరాల దగ్గర మళ్లీ చదవమనేవాళ్లు. ఎవరి కూతురికి అమెరికా సంబంధం మాట్లాడుతున్నారో వాళ్లు ఇంటి అద్దెల దగ్గర చెవులు రిక్కించేవాళ్లు. కొన్ని చోట్ల తాతయ్య దగ్గేవారు. దగ్గినచోట ఒకటి రెండు వాక్యాలు దాటేసేవారని అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. సాయంత్రానికి ఆ కాగితం నాలుగిళ్లు తిరిగి, మడతల దగ్గర నలిగి ఇంటికొచ్చేది. బాబాయికి కూడా ఇదంతా తెలుసు. ఊరంతా వింటుందని తెలిసే రాసేవాడు.

ఆ ఉత్తరాల్లోని అమెరికా సినిమాల్లో చూసినట్టుండదు. అందులో రాత్రి డ్యూటీలూ, బట్టలుతికే మిషను దగ్గర చిల్లర కోసం ఎదురుచూపులూ ఉంటాయి. కొత్త ఊరికి మారగానే టెలిఫోను డైరెక్టరీ ముందేసుకుని రావు, రెడ్డి, చౌదరి, మూర్తి అని పేర్లు వెతికి ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోన్లు చేయడం ఉంటుంది. అలా దొరికిన ఒకాయనది అత్తిలి దగ్గరని తేలితే ఆ వారం ఉత్తరంలో అరపేజీ ఆయన గురించే. గోంగూర లేదు గనక క్రాన్‌బెర్రీ అనే ఎర్రటి పుల్లటి పండుతో పచ్చడి చేసుకున్నామని ఒకసారి రాస్తే, దానికి గింజ తీయాలా వద్దా అని మా అమ్మకు పెద్ద సందేహం. 1973 చివర అరబ్బు దేశాలు చమురు ఆపేసినప్పుడు పెట్రోలు బంకుల ముందు కార్లు మన రేషను షాపు దగ్గర జనంలా బారులు తీరాయని రాశాడు. అమెరికాలో కూడా కరువా అని అరుగుమీద అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. 1977లో న్యూయార్కులో తెలుగువాళ్లంతా తొలిసారి మహాసభ పెట్టుకున్నారనీ, అదే తానా అయిందనీ మాకు పేపరు కంటే ముందు ఏరోగ్రామే చెప్పింది. పిట్స్‌బర్గ్ కొండమీద వేంకటేశ్వరస్వామికి గుడి కట్టారన్నప్పుడు మామ్మ చేతులు జోడించింది. ఏటా ద్వారకా తిరుమల వెళ్లే మనిషి. 'స్వామే అక్కడికెళ్లాడు, ఇంక మనవాడికి ఫరవాలేదు' అంది. కొడుకు తిరిగి రాడని ఆవిడకు ఆ రోజే అర్థమైందేమో.

ఇటునుంచి వెళ్లే ఉత్తరం తయారవడం ఇంకో కథ. తాతయ్య రాయాల్సింది రాశాక అడుగున నాలుగు వేళ్ల చోటు మామ్మ కోసం వదిలేవారు. ఆవిడకు చదువు రాదు. చెప్పేది ఆవిడ, రాసేది నేను. 'ఎర్రావు ఈనిందని రాయరా. పెయ్యదూడ. వాడు చిన్నప్పుడు పాలు తాగిన ఆవు పోలికే, నుదుటిమీద చుక్క కూడా ఉందని రాయి.' బడిలో నేర్పిన ధోరణిలో నేను రాసేవాణ్ణి: 'మన ఆవు ఈనినది. దూడ క్షేమము.' చదివి వినిపించమనేది. 'చుక్కేదిరా?' అని పట్టుకునేది. చోటు లేదంటే ఊరుకునేది కాదు. అలా ఆ చుక్క అంచులోకి ఎక్కేది.

ఆ నాలుగు వేళ్ల మేరలోనే మా ఊరి ఏడాదంతా ఇమిడేది. జూన్‌లో కాలవలొదిలారా లేదా. సార్వా నాట్లు ఎంతవరకొచ్చాయి. దాళ్వాకు నీళ్లిస్తారా. ఐ.ఆర్.8 దిగుబడి బానే ఉంది కానీ అన్నం మాత్రం బిరుసు. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన నాటినుంచి మా బతుకంతా ఏలూరు కాలవ మీదే గనక, అందులో నీటి మట్టమే ముందు రాయాల్సిన వార్త. తరవాత కొల్లేరు. ఆ ఏడు ముంపు ఎందాకా వచ్చింది, లంక గ్రామాల చుట్టాలు ఎక్కడ తలదాచుకున్నారు, కొరమేను ధరెంత. 1980ల ఉత్తరాల్లో మాటలు మారాయి. మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ విత్తనం వచ్చింది. కొల్లేట్లో చేపల చెరువులు తవ్వుతున్నారు. ఫలానావాళ్లు వరి మానేసి పొలం చెరువుకిచ్చేశారు. ఈ మాటలు రాసేటప్పుడు మాకవి ఇంటి కబుర్లే. 1999లో కొల్లేరును పక్షుల అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చెరువుల గట్లు కొట్టేశాక తిరిగి చూస్తే, ఒక సరస్సు ఎలా మారిపోయిందో ఏడాదికేడాది చెప్పే సాక్ష్యం అదంతా. అయితే ఆ సాక్ష్యం ఉంగుటూరులో లేదు, ఒహాయోలో బాబాయి ఇంట్లో ఉంది.

మాకు మిగిలింది తాతయ్య డైరీలు. ఎరువుల కంపెనీవాళ్లో, బీమా ఏజెంటో ఏటా ఉచితంగా ఇచ్చే డైరీలవి. రోజుకు రెండు మూడు ముక్కలు. 'వాన. పడమటి చేను నాట్లు. కూలి ఇచ్చాను. అమెరికా ఉత్తరం వచ్చింది.' ఇంకోచోట, జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో, '1973 జనవరి. రైళ్లు లేవు. తపాలా లేదు.' సంతోషం, దుఃఖం, కోపం అనే మాటలు వెతికినా దొరకవు. పాతపేపర్లవాడికి వేసేద్దామని ఇంట్లో చాలాసార్లు అనుకున్నారు కూడా.

ఇలాంటి డైరీల విలువేమిటో అమెరికావాళ్లకు కూడా చాలా ఆలస్యంగానే తెలిసింది. అక్కడ మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది ఒడ్డున మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని ఉండేది. 1785 నుంచి 1812లో చనిపోయేదాకా రోజూ డైరీ రాసింది. ఎవరికి పురుడు పోసింది, ఎంత ముట్టింది, నది గడ్డకట్టిందా, తోటలో ఏం నాటింది, అంతే. పోసిన పురుళ్లు 816. ఇవన్నీ చిల్లర విషయాలని చరిత్రకారులు చాలాకాలం పక్కన పడేశారు. లారెల్ ఉల్రిచ్ అనే ఆవిడ ఏళ్ల తరబడి కూర్చుని వాటిని చదివి 1990లో పుస్తకం రాస్తే, ఆ దేశపు తొలినాళ్ల ఆడవాళ్ల జీవితమంతా ఆ చిల్లర విషయాల్లోనే బయటపడింది. మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, ఆయన భార్య అబిగెయిల్ రాసుకున్న ఉత్తరాలు వెయ్యికి పైగా దొరికాయంటే, ఇద్దరివీ ఒకే కుటుంబం దాచింది గనకే. ప్రశ్న, జవాబు రెండూ ఒకే చోట ఉన్నాయి. మన ఇళ్లలో లేనిది అదే.

బాబాయి పోయాక ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన కూతురికి బేస్‌మెంటులో అట్టపెట్టె దొరికింది. తనకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఫోనుతో ఒక్కొక్క కాగితం ఫొటో తీసి నాకు పంపడం మొదలుపెట్టింది. 'అన్నయ్యా, ఇందులో ఏముందో చెప్పు.' అప్పుడు మా అటక మీది పెట్టె దించి, తాతయ్య డైరీలు పక్కన పెట్టుకుని, తేదీలు కలుపుకుంటూ కూర్చున్నాను. ఒకే రోజుల గురించి మూడు చేతుల రాత.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో వేలమంది పోయారు. మా వైపు అంత ప్రాణనష్టం లేకపోయినా గాలి మాత్రం వదల్లేదు. 20వ తేదీ ఆదివారం తాతయ్య డైరీ: 'రాత్రంతా గాలి. గొడ్లపాక పడిపోయింది. చేను మొత్తం పడుకుంది. కంకి నీళ్లలో.' కోతల ముందు వరి పడుకుంటే ఆ ఏడు ఇంట్లో ఏం మిగులుతుందో రైతులకు చెప్పక్కర్లేదు. కొద్దిరోజులకు డైరీలోనే ఇంకో ముక్క: 'అమెరికాకు ఉత్తరం వేశాను.' ఆ ఉత్తరం ఒహాయో పెట్టెలో దొరికింది. అందులో ఉన్నది: 'ఇచ్చట తుఫాను వచ్చి వెళ్లినది. మనకేమియు ఫరవాలేదు. నీవు దిగులు పెట్టుకొనవద్దు. అమ్మ కులాసా.' అమ్మ కులాసా అన్న ఆ నెలలోనే డైరీలో: 'ఆమెను ఏలూరు తీసుకెళ్లాను. కుడికన్ను ఆపరేషను అన్నారు.'

దీనికి బాబాయి జవాబు మా అటక మీది పెట్టెలో ఉంది. 1978 జనవరి చివర ఒహాయోను ముంచేసిన మంచు తుఫాను తరవాత రాసింది. కరెంటు పోయిందనీ, కిటికీల ఎత్తున మంచు పేరుకుందనీ, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లలేక అక్కడే పడుకున్నాననీ తమాషాగా రాశాడు. 'నేను బాగున్నాను, ఇక్కడ అన్ని సదుపాయాలూ ఉన్నాయి.' ఆ చలికాలంలోనే రాసిన ఒక పరీక్ష పోయిందనీ, అన్నీ వదిలేసి వచ్చేద్దామన్నంత దూరం వెళ్లాడనీ పిన్ని ఎప్పుడో తరవాత చెప్పింది. ఉత్తరంలో ఆ జాడ లేదు. అంచులో మాత్రం, చీమలబారు అక్షరాల్లో, 'అమ్మ చేత రెండు ముక్కలు చెప్పించి రాయండి' అనుంది.

ఇద్దరూ ఒకరికొకరు అబద్ధమే రాసుకున్నారు. అయితే వాళ్లు దాచడంలో నాకు చాటుమాటు బుద్ధి కనిపించలేదు, లెక్క కనిపించింది. వెళ్లడానికి రెండు వారాలు, జవాబు రావడానికి మరో రెండు. ఇక్కడి కష్టం అక్కడ తెలిసేసరికి ఆ కష్టం తీరిపోయి ఉంటుంది, లేదా చేయడానికేమీ మిగలదు. నెల దూరంలో ఉన్న మనిషికి బెంగ పంపి లాభం లేదు. అందుకే చేను పోయినా ఫరవాలేదు, కన్ను పోతున్నా కులాసా. నిజం డైరీలో రాసుకున్నారు, ధైర్యం ఉత్తరంలో పంపారు. ఈనాడు ఇక్కడ జ్వరం వస్తే థర్మామీటరు ఫొటో నిమిషంలో అక్కడికి చేరుతోంది. దాచాల్సిన అవసరమూ పోయింది, అలా దాచగలిగే నేర్పూ పోయింది.

ఉత్తరాలు ఒక్కసారిగా ఆగలేదు. వచ్చేపోయేవాళ్ల చేత క్యాసెట్లు పంపడం వచ్చింది. మామ్మకు అది బాగా నచ్చింది, నాతో పని లేకుండా చుక్క సంగతి తనే చెప్పుకోవచ్చు. తరవాత పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూత్‌లు. మీటరు తిరుగుతుంటే 'బాగున్నావా, బాగున్నాం' అనేసరికే డబ్బులైపోయేవి, కానీ గొంతు వినపడింది. ఏరోగ్రామ్ నెలకొకటి పోయి పండక్కొకటయింది, ఆ తరవాత లేదు. 2013 జులైలో టెలిగ్రామ్ పోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు మా వీధికి వచ్చే తపాలాలో బ్యాంకు కాగితాలూ నోటీసులే ఎక్కువ.

ఇలాంటి కాగితాల కోసం 2008లో మొదలైన సంస్థ ఒకటి ఇప్పుడు ఫిలడెల్ఫియాలో పనిచేస్తోంది. సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ దాని పేరు. దక్షిణాసియా నుంచి అమెరికా వెళ్లినవాళ్ల ఉత్తరాలు, ఫొటోలు, డైరీలు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెడుతుంది. అసలు కాగితాలు ఇంటివాళ్లవే. అయితే వాళ్లకు దొరికేది ఎక్కువగా అక్కడి ఇళ్లలో మిగిలిందే. ఇక్కడి అటకలు దించి చూపించాల్సింది మనమే.

మేము చేస్తున్నది ఇంతే. కాగితానికి రెండు వైపులా, అంచులు తెగకుండా ఫొటో తీస్తాం. చిరిగినచోట సెల్లోటేపు వేయం, అది కొన్నేళ్లకు అక్షరాలను తినేస్తుంది. తేదీల వరసలో ఆ ఇంటిదొకటి, ఈ ఇంటిదొకటి పెట్టి, నడుమ డైరీ మాట చేరుస్తాం. తరవాత నేను పైకి చదివి ఫోనులో రికార్డు చేసి పంపుతాను, అరుగు మీద తాతయ్య చదివినట్టే, కాకపోతే దగ్గకుండా. చెల్లెలు ప్రశ్నలు వేస్తుంది. 'కాలవ కట్టేశారు అంటే కొత్తగా కట్టారనా?' కాదమ్మా, వేసవిలో నీళ్లాపేశారని. 'మరి ఊళ్లో నీళ్లో?' అక్కణ్ణించి చెరువుల సంగతి, కావిళ్ల సంగతి చెప్పుకొస్తాను. తన కొడుకు పక్కన కూర్చుని వింటాడట.

మీ ఇంట్లో నీలం కాగితాల కట్ట ఉంటే పాతపేపర్లవాణ్ణి పిలిచేముందు ఒక ఫోను చేయండి. వాటి జవాబులు ఎవరింట్లో ఉన్నాయో అడగండి. ఇల్లు అమ్మకముందే, బేస్‌మెంటు ఖాళీ చేయకముందే అడగండి.